కవరేజీ రిపోర్టులో ఆకుపచ్చ రంగును ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న

మా బృందం జావాలో రుణ వాయిదాలపై ఆలస్య రుసుము లెక్కించే మాడ్యూల్ రాస్తోంది. కోడ్‌ను పరీక్షించే జేయూనిట్ టెస్టులు నడిపినప్పుడు, కోడ్ రాసే సాధనమైన ఎక్లిప్స్‌లో ఆకుపచ్చ పట్టీయే వస్తోంది, టెస్టుల్లో ఏ వరుసలు నడిచాయో చూపే జాకోకో కవరేజీ రిపోర్టులోనూ దాదాపు అన్ని వరుసలూ ఆకుపచ్చగానే ఉంటున్నాయి. అయినా టెస్టర్ల చేతికి వెళ్లాక, గడువు ముగిసే రోజున లెక్క తప్పుతోంది. ఈ రంగులను ఎలా అర్థం చేసుకోవాలో అనుభవం ఉన్నవారు వివరించగలరు.

మొదటి సమాధానం

ఆ రెండు రంగులూ చెప్పే విషయాలు వేరు. పట్టీ ఆకుపచ్చగా వస్తే మీరు రాసిన టెస్టులన్నీ నెగ్గాయని అర్థం. జాకోకోలో వరుస ఆకుపచ్చగా మారితే అది నడిచిందని మాత్రమే అర్థం. దాని ఫలితాన్ని ఏ టెస్టయినా సరిచూసిందా లేదా అన్నది ఆ రంగులో ఉండదు. అసర్ట్ (ఫలితాన్ని సరిచూసే ఆజ్ఞ) ఒక్కటీ లేని టెస్టు కూడా వరుసలను ఆకుపచ్చగా మార్చేస్తుంది. అందుకే నేను రిపోర్టు తెరవగానే పసుపు వజ్రం గుర్తులను వెతుకుతాను. షరతు ఉన్న వరుస పక్కన ఆ గుర్తు ఉంటే కొన్ని శాఖలు (షరతు నిజమైతే ఒకటి, కాకపోతే ఒకటిగా చీలే దారులు) నడవలేదన్నమాట. దానిపై మౌస్ ఉంచితే ఎన్ని మిగిలాయో కనిపిస్తుంది.

రెండవ సమాధానం

పై సమాధానం సరైనదే కానీ, మీ సమస్యకు అది చాలదు. ఉదాహరణకు ‘రోజులు > 30’ అనే షరతును 10తో ఒకసారి, 45తో ఒకసారి పరీక్షిస్తే రెండు శాఖలూ నడుస్తాయి కనుక పసుపు గుర్తు కూడా మిగలదు. సరిగ్గా 30వ రోజున ఏం జరగాలో మాత్రం ఎవరూ అడగలేదు. ఇలాంటి చోట పిట్ అనే మ్యూటేషన్ టెస్టింగ్ సాధనం వాడి చూడండి. అది కంపైల్ అయిన కోడ్‌లో ‘>’ను ‘>=’గా మార్చి మీ టెస్టులను మళ్లీ నడుపుతుంది. ఒక్క టెస్టయినా విఫలమైతే మార్పు పట్టుబడినట్టు. అన్నీ నెగ్గితే ఆ సరిహద్దుకు కాపలా లేనట్టు. దాని రిపోర్టులో లేత ఆకుపచ్చ నడిచిన వరుసను, ముదురు ఆకుపచ్చ మార్పు పట్టుబడిన వరుసను, ముదురు గులాబీ మార్పు తప్పించుకున్న వరుసను సూచిస్తాయి. మీ షరతు వరుస గులాబీ రంగులో కనిపిస్తుందని నా నమ్మకం. ఒక్కో మార్పుకూ టెస్టులు మళ్లీ నడవాలి కాబట్టి సమయం ఎక్కువే పడుతుంది. రుసుము లెక్కించే క్లాసులకే పరిమితం చేయండి.

మూడవ సమాధానం

ఒక చిన్న చేర్పు. బృందంలో ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు ఎవరైనా ఉంటే ఎక్లిప్స్ లాంటి మరో సాధనమైన ఇంటెల్లిజే సెట్టింగుల్లో వారికి అనువుగా రంగులు మార్చే వీలుంది. దయచేసి ముందుగా వారిని అడిగి తెలుసుకోండి.