వరి కోత: ఉదయం 27 శాతం, మధ్యాహ్నం 22. ఏ తేమ లెక్క?

చేనుగట్టు:
పూత వచ్చి నెల దాటింది. కంకి పైభాగమంతా పసుపెక్కింది, అడుగు గింజలు మాత్రం ఇంకా పచ్చగానే ఉన్నాయి. తేమ మీటర్‌ ఉదయం 27 చూపిస్తే మధ్యాహ్నం 22 చూపిస్తోంది. మడి అదే, మీటర్ అదే. మిషన్‌తో కోయించాలి. ఏది నమ్మాలి? అడుగు గింజలు పండేదాకా ఆగాలా?

ధాన్యపురాశి:
ఉదయం మీటర్ కొలిచింది చాలావరకు పొట్టు మీది మంచునండీ. మంచు పూర్తిగా ఆరాక చూసిందే లెక్క. మిషన్ కోతకు 20–25 మధ్య ఉంటే చాలు, కాబట్టి 22 బాగానే ఉంది. కానీ ఆ కంకులు ఎక్కడివి? గట్టు వెంబడివి ముందే ఎండుతాయి. మడి లోపలికి దిగి, ఏటవాలుగా నడుస్తూ పదిచోట్ల కంకులు తెంపి, మొత్తం దూసి, కలిపి, అందులోంచి పిడికెడు తీయండి. నీళ్లు నిలిచే పల్లం ఉంటే విడిగా చూడండి, కలిపితే సగటు మోసం చేస్తుంది.

కంకి పైనుంచి కిందికి పండుతుంది. వందకు 80–85 గింజలు గడ్డిరంగుకు వస్తే కోతే. పచ్చ గింజ పొట్టు ఒలిచి గోటితో నొక్కండి. పాలు వచ్చినా, పిండిముద్దలా నలిగినా ఇంకా ఆగాలి. గోరు దిగకపోతే రంగు పట్టించుకోవద్దు. అన్నీ పండాలని కూర్చుంటే పైగింజలు తేమ 15 శాతానికి దిగేదాకా ఎండి, రాత్రి మంచు పీల్చుకుని లోపల చిట్లుతాయి. చేలో ఏమీ కనపడదు, మరపట్టాకే నూకగా బయటపడుతుంది. గింజ రాలడం సరేసరి.

కొలతబద్ద:
మీటర్ సెట్టింగ్ ధాన్యం మీద ఉందా, బియ్యం మీద ఉందా? ముందు అది చూడండి. తాలు, గడ్డిపరకలు ఊదేయండి. ఎండకు కాగిన గింజల్ని మూత బిగించిన డబ్బాలో పోసి నీడన చల్లారనిచ్చి, మూడుసార్లు చూసి సగటు తీయండి.

అనుమానం తీరకపోతే ఓవెన్: 10 గ్రాముల గింజలు, 130 డిగ్రీలు, 16 గంటలు. 7.8 గ్రాములు మిగిలితే 22 శాతం. పోయిన 2.2ను మొదటి బరువుతో భాగించాలి. ఎండిన బరువుతో భాగిస్తే 28 వస్తుంది, తికమకంతా అక్కడే. మామూలు వంటింటి తక్కెడ దీనికి చాలదు, గ్రాములో నూరో వంతు చూపేది కావాలి.

చేనుగట్టు:
సీసాలో ఉప్పు, గింజలు వేసి ఊపి చూసే పద్ధతి పనికొస్తుందా?

ధాన్యపురాశి:
కోతకు పనికిరాదు. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 దాటినట్టు, అంతే. మీది ఎలాగూ దాటే ఉంది. ఆరబెట్టాక, నిల్వ చేసేముందు వాడండి. సీసా, ఉప్పు రెండూ బాగా పొడిగా ఉండాలి. 22 దగ్గర కోసిన ధాన్యాన్ని రాత్రంతా కుప్పగా వదలొద్దు, లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. 24 గంటల్లోపే ఆరబెట్టడం మొదలుపెట్టండి. 14కు దిగేసరికి టన్ను సుమారు 907 కిలోలవుతుంది, ఆ తరుగంతా నీరే.