ఆస్టిన్‌లో బయోకెమిస్ట్రీ మొదటి ఏడాది: ల్యాబ్‌లో ఎప్పుడు చేరాలి, ఎక్కడ ఉండాలి?

గుంటూరు నుంచి, ఆగస్టులో వస్తున్న విద్యార్థిని:

అందరికీ నమస్కారం. ఇంటర్ బైపీసీ పూర్తయింది. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, ఆస్టిన్‌లో బయోకెమిస్ట్రీ బీఎస్‌లో సీటు వచ్చింది, ఎఫ్-1 స్టూడెంట్ వీసా కూడా స్టాంప్ అయింది. నాకు రీసెర్చ్ చేయాలని చాలా కోరిక. మొదటి ఏడాదిలోనే ల్యాబ్‌లోకి రానిస్తారా, మూడో ఏడాది దాకా ఆగాలా? మా కాలేజీలో ప్రాక్టికల్స్ అంటే పరీక్షల ముందు కొన్నాళ్ళు చేయించడమే, చుక్క కంటే తక్కువ ద్రావణాన్ని కూడా కొలిచి తీసే మైక్రోపైపెట్ ఎప్పుడూ పట్టుకోలేదు, అదే టెన్షన్. ఇంకొకటి, నాన్నగారు తెలుగువాళ్ళతోనే ఉండమంటున్నారు. అక్కడ మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. తెలిసినవాళ్ళు చెప్పగలరు.

అక్కడే చదివిన అక్క, ఇప్పుడు డాలస్‌లో:

చెల్లీ, ఆగొద్దు. మొదటి ఏడాదిలోనే చేరు. ఆస్టిన్‌లో 2005 నుంచి ఫ్రెష్‌మన్ రీసెర్చ్ ఇనిషియేటివ్ నడుస్తోంది, అందరూ ఎఫ్ఆర్ఐ అంటారు. అది సరిగ్గా నీలాంటి కొత్తవాళ్ళ కోసమే పెట్టింది. ఏటా వందల మంది మొదటి ఏడాది పిల్లలు అందులో చేరతారు. ఒక్కో టాపిక్ మీద ఒక్కో స్ట్రీమ్ ఉంటుంది. పీహెచ్‌డీ చేసిన రీసెర్చ్ ఎడ్యుకేటర్ ఒకరు దాన్ని నడుపుతారు, పక్కన నిలబడి చేయి పట్టుకుని నేర్పేది మాత్రం పోయినేడాది అదే స్ట్రీమ్‌లో చేసిన సీనియర్లు. పైపెట్ పట్టుకోవడం రాకపోవడం అక్కడ లోటే కాదు, ఎందుకంటే నేర్పడమే వాళ్ళ పని. పైగా ఇది క్రెడిట్లు వచ్చే కోర్సు, కాబట్టి వీసా తిప్పలు లేవు. ఏ సెమిస్టర్‌లో ఎలా పేరు ఇవ్వాలో ఓరియెంటేషన్‌లోనే అడ్వైజర్‌ని అడిగేసెయ్.

బయోకెమిస్ట్రీ అంటున్నావు కాబట్టి అక్కడ పేరున్న ఆప్టమర్ల పని గురించి ముందే కాస్త చదువుకో. ఆప్టమర్లంటే ఏదో ఒక ప్రోటీన్‌నో అణువునో గట్టిగా పట్టుకునే చిన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏ ముక్కలు. కోట్ల కోట్ల రకాల ముక్కలు కలిసిన ద్రావణంతో మొదలుపెట్టి, లక్ష్యానికి అంటుకున్నవి ఉంచి, అంటుకోనివి కడిగేసి, మిగిలినవాటిని పీసీఆర్‌తో (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి) పెంచి, మళ్ళీ అదే పని. ఇలా రౌండ్ల మీద రౌండ్లు. ఈ పద్ధతి 1990లో వచ్చింది, దాన్ని కనిపెట్టినవాళ్ళలో ఒకరైన ఆండ్రూ ఎలింగ్టన్ ఆస్టిన్‌లోనే ప్రొఫెసర్. బయాలజీ మీద మనసు మారినా దారులున్నాయి, తెల్ల మరుగుజ్జు నక్షత్రాల మీద పనిచేసే స్ట్రీమ్ దగ్గర్నుంచి రోబోల స్ట్రీమ్ దాకా చూశాను.

అసలు మార్పు ఎక్కడ వస్తుందో చెప్తాను. ఇంటర్‌లో మనం రికార్డు రాస్తాం కదా, ఎయిమ్, ప్రొసీజర్, రిజల్ట్, బొమ్మలు పెన్సిల్‌తో నీట్‌గా, రావాల్సిన జవాబు ముందే తెలుసు. ఇక్కడ ల్యాబ్ నోట్‌బుక్ అలా ఉండదు. ఆ రోజు ఏం చేశావో, ఏ ట్యూబ్‌లో ఎంత వేశావో, ఏం పాడైందో, అప్పటికప్పుడు తారీఖు వేసి రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టాలి, చెరపకూడదు. ఫెయిర్ కాపీ అనేదే లేదు. డీఎన్ఏ వేయకుండా నీళ్ళు మాత్రమే వేసిన కంట్రోల్ ట్యూబ్‌కి కూడా, డీఎన్ఏ ముక్కల్ని విడదీసి చూపించే జెల్ మీద బ్యాండ్ (డీఎన్ఏ ఉందని చెప్పే గీత) కనిపించిందనుకో, ఎక్కడో కలుషితం అయిందని అర్థం. అది దాచిపెట్టడానికి లేదు, వెంటనే మెంటర్‌కి చూపించాలి. మన దగ్గర రిజల్ట్ రాకపోతే పక్కవాళ్ళ రీడింగ్ చూసి వేసుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. రీసెర్చ్‌లో దాన్ని మోసం కింద లెక్కేస్తారు, కాలేజీ నుంచి పంపించేసేంత దూరం వెళ్తుంది. భయపెట్టాలని కాదు చెల్లీ, ఈ ఒక్క విషయంలో నిజాయితీగా ఉంటే ప్రయోగం ఎన్నిసార్లు పోయినా నిన్నెవరూ ఏమీ అనరు, నిజానికి ఫెయిలైన రౌండ్ గురించి గ్రూప్ మీటింగ్‌లో చక్కగా చెప్పిన పిల్లనే వాళ్ళు మళ్ళీ మెంటర్‌గా పిలుస్తారు.

ఇక మనుషులు. నీకు మొదటి స్నేహితులు ల్యాబ్‌లోనే దొరుకుతారు, నాకు బాగా తెలుసు. పెద్ద క్లాసుల్లో ఏడాదంతా కూర్చున్నా పక్కమ్మాయి పేరు తెలియదు. ల్యాబ్‌లో జెల్ పరిగెత్తేంతసేపు ఏం చేస్తాం, కబుర్లే. నాన్నగారితో ఇలా చెప్పు: తెలుగువాళ్ళు ఉంటారు, పండగలకి కలుస్తాం, కానీ ఇల్లు కాలేజీకి నడిచి వెళ్ళేంత దగ్గర్లోనే ఉండాలి, ఎందుకంటే ప్రయోగం రాత్రి ఎనిమిదికి కూడా అవ్వచ్చు. హాస్టల్ దొరక్కపోతే కాలేజీ పక్కనే ఉన్న వెస్ట్ క్యాంపస్ పేటలో కో-ఆప్ ఇళ్ళు చూడు. అందరూ వంతులేసుకుని వండుతారు, కడుగుతారు, అద్దె తక్కువ పడుతుంది. శాకాహారులకి హౌస్ ఆఫ్ కామన్స్ అనే ఇల్లుంది. నువ్వు వండే రోజు పులిహోర చెయ్, ఇల్లంతా నీ ఫ్రెండ్సే.

ఇంటి మీద బెంగ పుట్టినప్పుడు క్యాంపస్‌లోని పెద్ద లైబ్రరీ పీసీఎల్‌కి వెళ్ళు. అక్కడ తెలుగు పుస్తకాలున్నాయి. 1960ల్లో మన దేశానికి అమ్మిన గోధుమలకి రూపాయల్లో వచ్చిన డబ్బుతో పుస్తకాలు కొని అమెరికా యూనివర్సిటీలకి పంపే పథకం ఒకటి ఉండేది, దాని ద్వారా వచ్చి చేరినవి చాలా ఉంటాయి. బెంగ అంతకంటే ఎక్కువైతే కాలేజీలోనే కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, సంకోచం లేకుండా వెళ్ళు.

ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్ నుంచి ఒక అంకుల్:

అమ్మా, పై జవాబు బాగుంది. నేను కాగితాల సంగతి చెప్తాను, పిల్లలు ఇక్కడే దెబ్బతింటారు.

వేసవి రీసెర్చ్ కోసం అందరూ ఎన్ఎస్ఎఫ్ (రీసెర్చ్‌కి నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళ ఆర్ఈయూ అనే డిగ్రీ విద్యార్థుల రీసెర్చ్ ప్రోగ్రాంల పేరు చెప్తారు. ఆ డబ్బు అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ మాత్రమే, ఎఫ్-1 వాళ్ళకి రాదు. కాబట్టి యూనివర్సిటీ సొంత నిధులతో ఇచ్చే వేసవి ఫెలోషిప్పుల గురించి మీ ప్రొఫెసర్‌ని జనవరిలోనే అడుగు. క్యాంపస్‌లో జీతం తీసుకునే పని సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. జీతం ఇవ్వాల్సిన పనిని "ఊరికే చేస్తాను" అన్నా చిక్కే, ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతులు చూసే టెక్సాస్ గ్లోబల్ ఆఫీసులో అడగాలి.

జీతం వస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (ప్రభుత్వ పెన్షన్, వృద్ధుల ఆరోగ్య బీమా) కోతలు మొదటి ఐదేళ్ళు నీకు పడకూడదు, పే స్లిప్ చూసుకో. ఒక్క డాలరు సంపాదించకపోయినా పన్నుల శాఖకి ఫారం 8843 పంపాలి. సంపాదిస్తే 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్న్ వేయాలి, అందులో ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకి రెండు దేశాల పన్ను ఒప్పందం ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత పన్ను లేకుండా తీసేయడం) ఉంటుంది, చాలామంది అది వదిలేసుకుంటున్నారు.

ఇంకొక్కటి, ఇంట్లో ఎవరికైనా "అక్కడ బయాలజీ చదివితే డాక్టర్ అయిపోవచ్చు" అనే ఆశ ఉంటే ఇప్పుడే మాట్లాడుకోండి. అమెరికాలో చాలా మెడికల్ కాలేజీలు వీసా మీదున్నవాళ్ళని తీసుకోవు. టెక్సాస్ ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో చట్టప్రకారం కనీసం 90 శాతం సీట్లు రాష్ట్రంలో ఉండేవాళ్ళకే.

విద్యార్థిని:

అక్కా, అంకుల్, చాలా థాంక్స్. డాక్టర్ ఆశ మా అమ్మకే ఉంది, రాత్రికి మాట్లాడతాను. ఒక్క సందేహం. ల్యాబ్ వల్ల మొదటి సెమిస్టర్‌లో కెమిస్ట్రీ మార్కులు పడిపోతే ఏదో ఒకటి మానేయాల్సి వస్తుందా?

అక్క:

ముందు మానేసే ఆలోచన వద్దు. క్యాంపస్‌లో శాంగర్ లెర్నింగ్ సెంటర్ ఉంది, కెమిస్ట్రీకి ట్యూటర్లు దొరుకుతారు, మొదటి మిడ్‌టర్మ్ తర్వాత కాదు, ముందే వెళ్ళు. అయినా కష్టంగా ఉంటే మీ రీసెర్చ్ ఎడ్యుకేటర్‌తో సూటిగా చెప్పు, పరీక్షల వారంలో గంటలు సర్దుతారు. ఏ కోర్సైనా డ్రాప్ చేసే ముందు మాత్రం లెక్క చూసుకో, ఎఫ్-1 మీద సెమిస్టర్‌లో 12 క్రెడిట్ల కంటే తగ్గితే వీసా స్టేటస్ పోతుంది, టెక్సాస్ గ్లోబల్ వాళ్ళు ముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప. సూట్‌కేసులో పాదమంతా కప్పే బూట్లు, రెండు పాత ఫుల్ ప్యాంట్లు పెట్టుకో, చెప్పులతో, పొట్టి బట్టలతో ల్యాబ్ లోపలికి రానివ్వరు. ఫ్లైట్ టికెట్ బుక్ అయ్యాక తారీఖు ఇక్కడే రాయి, ఎయిర్‌పోర్టుకి ఎవరో ఒకరం వస్తాం.