అమ్మకి కార్డ్‌లెస్ వాక్యూమ్ కొనాలా, వద్దా?

అంబాజీపేట అబ్బాయి
నమస్తే అండీ. మా ఇల్లు అంబాజీపేట దగ్గర పల్లెటూళ్ళో, కొబ్బరి తోట మధ్యలో. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. వయసు 67. నేను హైదరాబాదులో, అన్నయ్య విశాఖలో. అమ్మకి రెండు మోకాళ్ళూ అరిగాయి, వంగొద్దు, గొంతుక్కూర్చోవద్దు అని డాక్టరు గట్టిగా చెప్పారు. ఊడవడానికి ఒకావిడ వస్తుంది గానీ నెలలో ఎనిమిది పది రోజులు రాదు. రాని రోజు అమ్మే చీపురు పడుతుంది, ఆ రాత్రి కాళ్ళకి కాపడం పెట్టుకుంటుంది.

పాత పెంకుటిల్లు. సావిడి గచ్చు, రెండు గదులు నాపరాళ్ళు, వంటింట్లో టైల్స్. తివాచీలు లేవు. దుమ్ము, కొబ్బరి పీచు, పైనుంచి బూజు. వైరున్న పెద్ద మిషన్ అమ్మ లాగలేదు, అందుకే కార్డ్‌లెస్ అనుకుంటున్నాను. 20 వేల దాకా పెట్టగలను. అన్నయ్య దండగంటున్నాడు. వాడినవాళ్ళు చెప్పండి.

రామచంద్రపురం ఫిజిక్స్ మాస్టారు
బాబూ, ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. పెట్టె మీద 25,000 పాస్కల్స్ అని పెద్ద అక్షరాలతో వేస్తారు. అది చూసి కొనకండి. పాస్కల్స్ అంటే పీల్చే ఒత్తిడి. గొట్టం మూతి పూర్తిగా మూసినప్పుడు అది గరిష్ఠంగా ఉంటుంది, ఆ అంకెనే పెట్టె మీద వేసుకుంటారు. మూతి మూస్తే గాలి కదలదు, గాలి కదలకపోతే దుమ్ము కదలదు.

చూడాల్సింది ఎయిర్ వాట్స్. ఒత్తిడిని కిలోపాస్కల్స్‌లోనూ, గాలి ప్రవాహాన్ని సెకనుకి లీటర్లలోనూ తీసుకుని గుణిస్తే అది వస్తుంది. 10 కిలోపాస్కల్స్ దగ్గర సెకనుకి 10 లీటర్ల గాలి లాగితే 100 ఎయిర్ వాట్స్. తివాచీ లేని నేలకి నా అనుభవంలో 100 ఉంటే చాలు. మోటారు 400 వాట్స్ అని రాసేది అది ఎంత కరెంటు తాగుతుందో చెబుతుంది, ఎంత పీలుస్తుందో చెప్పదు.

మూతి దగ్గర నేల మీద తిరిగే రోలర్ మెత్తటి గుడ్డలాంటిది తీసుకోండి. గట్టి కుచ్చు బ్రష్ తివాచీల కోసం చేసింది, నాపరాళ్ళ మీద సన్న దుమ్ముని పక్కకి చిమ్ముతుంది.

పాలకొల్లు ఇల్లాలు
మాస్టారి లెక్కలు బాగున్నాయి. నేను వాడినదాన్ని, నా సంగతి చెబుతాను. మూడేళ్ళ కిందట 18 వేలు పెట్టి కొన్నాను. మొదటి ఆరు నెలలూ హాయిగా ఉంది, అబద్ధం చెప్పను. మంచాల కింద, బీరువా వెనక నడుం వంచకుండా అయిపోయేది. ఏడాది తిరిగేసరికి పది నిమిషాలకే ఆగిపోవడం మొదలైంది. 14వ నెలకి మూడు నిమిషాలు. వారంటీ 12 నెలలు. సర్వీసు సెంటరు ఊళ్ళో లేదు, కొరియర్‌లో పంపమన్నారు. పంపితే నెల తర్వాత ఆ మోడల్ బ్యాటరీ రావడం లేదని తిప్పి పంపారు. ఇప్పుడది తలుపు వెనక నిలబడి ఉంది. కొనకండి తమ్ముడూ.

మామిడికుదురు
మా ఇంట్లో రెండేళ్ళుగా ఉంది, బాగానే పనిచేస్తోంది. కొబ్బరి పీచు మాత్రం రోలర్‌కి చుట్టుకుపోతుంది, వారానికోసారి కత్తెరతో కోసి తీయాలి.

తణుకు మిల్లు వెనక వీధి
మాది రైస్ మిల్లు వెనక. బాయిలర్లో ఊక కాలుస్తారు. తెల్లారేసరికి అరుగు మీద, కిటికీల మీద నల్లటి బూడిద. ఆ బూడిదకి ఈ మిషన్లు పనికొస్తాయా? నాకు అదొక్కటే కావాలి.

రామచంద్రపురం ఫిజిక్స్ మాస్టారు
పాలకొల్లు అమ్మగారికి. బ్యాటరీ చచ్చిందంటే మిషన్ చెడ్డదని కాదు, వాడిన తీరు కూడా చూడాలి. అందులో ఉండేది లిథియం అయాన్. 3.6 వోల్టుల సెల్స్ ఆరు వరసగా కలిపితే 21.6 వోల్టులు. 2.5 ఆంపియర్ అవర్ ఉంటే బ్యాటరీలో నిల్వ ఉండే శక్తి మొత్తం 54 వాట్ అవర్స్. 400 వాట్స్‌లో నడిపితే 8 నిమిషాలు, 60 వాట్స్‌లో నడిపితే 54 నిమిషాలు. ఎప్పుడూ ఫుల్లులో పెట్టి వాడితే 8 నిమిషాలకే ఆగుతుంది, అది లోపం కాదు. వాడి వాడి వేడెక్కిన బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టినా, మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టినా దాని ఆయుష్షు తగ్గిపోతుంది. రోజంతా ఛార్జర్‌కి తగిలించి ఉంచడం కూడా మంచిది కాదు. మీరు ఎక్కడ పెట్టేవారు?

పాలకొల్లు ఇల్లాలు
వంటింటి గోడకి. మేకు కొట్టి తగిలించుకోమని వాళ్ళే స్టాండు ఇచ్చారు. తగిలిస్తే ఛార్జ్ అవుతుంది. అదీ నా తప్పేనా?

రామచంద్రపురం ఫిజిక్స్ మాస్టారు
తప్పని అనలేదు. వంటింట్లో వేడి ఎక్కువ. 300 నుంచి 500 ఛార్జింగ్‌లు అయ్యేసరికి ఈ రకం బ్యాటరీ శక్తి తగ్గడం మామూలే. మీరు రోజూ ఛార్జ్ పెట్టి ఉంటే 14 నెలలకి 400 దాటాయి. లెక్క సరిపోయింది.

పాలకొల్లు ఇల్లాలు
లెక్క సరిపోయిందా! 18 వేల వస్తువు 14 నెలలకి పోవడం మీకు సరిపోయిన లెక్కా? రోజూ ఊడ్చే ఇంట్లో రోజూ ఛార్జ్ పెట్టకపోతే ఎలా? ఇల్లు రోజు విడిచి రోజు ఊడవమంటారా?

భీమవరం
మంచి కొండచీపురు వందా నూటయాభై. చీపురుతో పోయేదానికి ఇంత చర్చ దేనికి?

మామిడికుదురు
చీపురుతో సన్న దుమ్ము పోదండీ, లేచి మళ్ళీ పడుతుంది. మా అబ్బాయికి ఆయాసం. ఈ మిషన్ వచ్చాక పొద్దున్నే తుమ్ములు తగ్గాయి. వెనక గాలి వదిలే చోట హెపా ఫిల్టర్ ఉన్నది చూసుకోండి, లేకపోతే సన్నటిది వెనకనుంచి మళ్ళీ గదిలోకే వస్తుంది.

తణుకు మిల్లు వెనక వీధి
బూడిద సంగతి ఎవరైనా చెప్పండి.

రామచంద్రపురం ఫిజిక్స్ మాస్టారు
తణుకు వారికి. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా, చాలా సన్నగా ఉంటుంది. ఫిల్టర్ తొందరగా పూడుకుపోతుంది, ఆ తర్వాత ఎన్ని పాస్కల్స్ ఉన్నా గాలి లాగదు. ముగ్గు పిండి కూడా అంతే. కడిగే ఫిల్టర్ అయినా కడిగాక ఒక రోజంతా ఆరాలి. మన దగ్గర జులై, ఆగస్టు ముసుర్లలో రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. తడి ఫిల్టర్ పెట్టి నడిపితే మోటారు పోతుంది. విడిగా ఇంకో ఫిల్టర్ కొని ఉంచుకోవాలి. మీకైతే తడిగుడ్డే మేలు. వేడి ఆరని బూడిద అసలు లాగకూడదు, లోపల నిప్పంటుకుంటుంది.

పాలకొల్లు అమ్మగారూ, కోపం వద్దు. వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకుని వాడితే ఎక్కువ కాలం వస్తుంది, నేను చెప్పేది అంతే. చదివి వాడుకునే ఓపిక లేకపోతే ఏ యంత్రమూ నిలవదు.

పాలకొల్లు ఇల్లాలు
ఓపిక గురించి మీరు నాకు చెప్పకండి మాస్టారూ.

నేనది సరదాకి కొనలేదు. రెండో కాన్పు తర్వాత నడుం పట్టేసి ఇరవై రోజులు మంచం మీద ఉన్నాను. అప్పుడు కొన్నాం. కొన్న రోజే మా అత్తగారు పద్దెనిమిది వేలకి చీపురు కొన్నావా అన్నారు. బ్యాటరీ పోయాక ఇంట్లో ఎవరూ దాని ఊసెత్తలేదు. కొరియర్‌కి పంపింది నేను, ఫోన్లు చేసింది నేను. ఆ నెలలోనే మా రొయ్యల చెరువు మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు కాలిపోయింది. రాత్రి పదకొండింటికి మెకానిక్కుని బండి మీద ఎక్కించుకొచ్చారు. తెల్లారేసరికి కొత్త మోటారు తిరుగుతోంది. ఎంతయిందని ఎవరూ అడగలేదు. రొయ్య చచ్చిపోతుందని అందరికీ టెన్షన్. నా నడుం గురించి ఎవరికీ టెన్షన్ లేదు.

మీరు రోజూ ఎన్ని నిమిషాలు వాడారు, గోడకి ఎందుకు తగిలించారు అని అడుగుతుంటే మా ఇంట్లో మాటలే మళ్ళీ వింటున్నట్టుంది.

భీమవరం
అమ్మా, చెరువు మీద ఆదాయం వస్తుంది, ఆక్సిజన్ ఆగితే ఒక్క రాత్రిలో పంటంతా పోతుంది. రెండూ ఒకటి ఎలా అవుతాయి? ఇంట్లో గొడవలు ఇక్కడ పెట్టడం బాగోలేదు.

పాలకొల్లు ఇల్లాలు
ఆదాయం వచ్చే పనికే మోటారు కావాలి, రాని పనికి నడుం చాలు. ఈ అబ్బాయిగారి అన్నయ్య దండగన్నదీ ఇందుకే. ఆయన ఇంట్లో వాషింగ్ మిషన్ దండగ కాదు కదా?

రామచంద్రపురం ఫిజిక్స్ మాస్టారు
మీ నడుం సంగతి నాకు తెలియదమ్మా. తెలిస్తే అలా రాసేవాణ్ణి కాదు. కానీ ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఊడ్చేది నేనే. నా భార్యకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. నాకు 71. చీపురుతో రెండు గదులు ఊడిస్తే రొప్పు వచ్చేది, మిషన్‌తో ఇల్లంతా పూర్తి చేస్తున్నాను. బ్యాటరీని చంటిపిల్లలా చూసుకుంటాను, అది పోతే నా పని ఆగిపోతుంది కనక. నాకు వస్తువు మీద ప్రేమ కాదు, భయం. అందుకే అన్ని ప్రశ్నలు అడిగాను.

పాలకొల్లు ఇల్లాలు
అమ్మగారికి నయం కావాలి. కానీ మాస్టారూ, మీరు ఊడిస్తే చూసినవాళ్ళు ఎంత మంచివారో అంటారు. మేం మిషన్ అడిగితే బద్ధకం అంటారు. ఈ తేడా మీ లెక్కల్లో ఎక్కడా రాదు.

ముమ్మిడివరం
ఇంతసేపూ చదివాను, ఒక మనిషి గురించి ఎవరూ అడగలేదు. అంబాజీపేట తమ్ముడు ఊడ్చే ఆవిడ నెలలో పది రోజులు రాదని రాశారు. ఎందుకు రాదో కనుక్కున్నారా? మా అమ్మ పాతికేళ్ళు నాలుగిళ్ళలో పాచి పని చేసింది. రాని రోజులంటే నడుం లేవని రోజులే. రాలేదని జీతంలో కోసేవాళ్ళు. మీ అమ్మగారి మోకాళ్ళకి 20 వేలు పెట్టగలిగినప్పుడు ఆవిడకి నెలకి ఇంకో వెయ్యి ఇచ్చి చూశారా? ఏడాదికి 12 వేలు. ఇంట్లోకి రోజూ ఒక మనిషి వస్తుంది. ఒంటరిగా ఉన్న పెద్దావిడకి మిషన్ కన్నా అది ముఖ్యం కాదా?

అంబాజీపేట అబ్బాయి
ఆవిడని మానిపించాలని నేనెక్కడా రాయలేదండీ. అమ్మ బాధ చూడలేక అడిగాను. దూరంగా ఉన్నవాడు ఏం చేసినా తప్పే అన్నట్టు మాట్లాడకండి.

ముమ్మిడివరం
తప్పు పట్టలేదు తమ్ముడూ. మానిపించమని మీరు అనలేదు, నిజమే. మిషన్ వచ్చిన రెండు నెలలకి ఇంక దేనికిలే అని పెద్దవాళ్ళే అంటారు. మా అమ్మ రెండిళ్ళు అలాగే పోగొట్టుకుంది.

మామిడికుదురు
మిషన్ కొని ఆవిడకే ఇవ్వొచ్చు కదా? వాడేది ఎవరైతే ఏం?

భీమవరం
పనిమనిషి చేతికిస్తే నాలుగు రోజుల్లో పాడు చేస్తుంది.

ముమ్మిడివరం
మా అమ్మ నాలుగిళ్ళ మిక్సీలూ గ్రైండర్లూ పాతికేళ్ళు వాడింది. ఒక్కటి పాడు చేయలేదు. మీరు ఆ మాట వెనక్కి తీసుకోండి.

అంబాజీపేట అబ్బాయి
రాత్రి అమ్మతో మాట్లాడాను. ఇన్నాళ్ళూ అన్నయ్యా నేనూ వాదించుకున్నాం గానీ అమ్మని అడగలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది.

ఆవిడ రాని రోజుల గురించి అడిగాను. ఆవిడకీ మోకాళ్ళేనట. వయసు 58. అమ్మకి ఏడాదిగా తెలుసు, ఆ రోజులకి కూడా జీతం ఇచ్చేస్తోందట. మాకు చెబితే వేరే మనిషిని పెట్టమంటామని చెప్పలేదట. ఇద్దరూ కలిసి కూర్చుని కాఫీ తాగడానికే ఆవిడ రావాలంది. వాకిలి మాత్రం ఏ మిషన్ వచ్చినా పుల్లల చీపురుతోనే ఊడవాలి, కళ్ళాపి చల్లాలి, అందులో మార్పు లేదంది.

మిషన్ వద్దనలేదు. రెండు ప్రశ్నలు అడిగింది. ఎంత బరువుంటుంది? బటన్ అలా నొక్కి పట్టుకునే ఉండాలా? అమ్మకి బొటనవేలి కీలు కూడా నొప్పి.

పాలకొల్లు ఇల్లాలు
అమ్మగారు సరైన ప్రశ్నలు అడిగారు, మేమెవరమూ ఇవి రాయలేదు. నాది ట్రిగ్గర్ రకం, నొక్కి పట్టుకున్నంతసేపే నడుస్తుంది. బ్యాటరీ వృథా కాదు గానీ పది నిమిషాలకి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఒకసారి నొక్కితే నడుస్తూ ఉండేది తీసుకోండి. బరువు రెండున్నర, మూడు కిలోలని రాస్తారు. మోటారూ బ్యాటరీ పైన చేతి దగ్గరే ఉంటాయి, భారమంతా మణికట్టు మీదే. బూజు దులపడానికి పైకెత్తితే ఇంకా తెలుస్తుంది. బూజుకి కర్రే నయం. బ్యాటరీ విడిగా ఊడి రావాలి, కొత్త బ్యాటరీ ఎంతో, ఎక్కడ దొరుకుతుందో కొనేరోజే బిల్లు మీద రాయించుకోండి. నేను రాయించుకోలేదు.

కొనకండని ముందు రాశాను. ఇవన్నీ చూసుకుంటే కొనండి.

రామచంద్రపురం ఫిజిక్స్ మాస్టారు
పాలకొల్లు అమ్మగారు చెప్పినది సరైనది. చెత్త డబ్బా అర లీటరుకి అటూ ఇటూ ఉంటుంది, దాన్ని వంగకుండా ఖాళీ చేయగలరా అన్నదీ చూడండి. ఎయిర్ వాట్స్ మర్చిపోకండి.

అంబాజీపేట అబ్బాయి
ఆదివారం వస్తున్నాను. అమ్మనీ ఆవిడనీ ఇద్దర్నీ కారులో అమలాపురం షాపుకి తీసుకెళ్తాను. ఇద్దరూ పదేసి నిమిషాలు చేత్తో పట్టుకుని నడిపి చూస్తారు. ఇద్దరికీ కుదిరితేనే తీసుకుంటాం. ఆవిడ జీతం ఈ నెల నుంచే పెంచుతున్నాం, అన్నయ్య సగం వేస్తానన్నాడు.