దెబ్బతిన్న 1794 రాగి సెంటు కొనడం తప్పా?

రాగిరేకు:
పోయిన నెల బాల్టిమోర్‌లో నాణేల ప్రదర్శనకి వెళ్ళి 1794 నాటి అమెరికా పెద్ద సెంటు (ఇప్పటి సెంటు కన్నా పెద్దగా ఉండే పాత రాగి నాణెం) ఒకటి కొన్నాను. 310 డాలర్లు పెట్టాను. స్వేచ్ఛాదేవి ముఖం, జుట్టు పాయలు చక్కగా కనిపిస్తున్నాయి. ఎడమ పక్కన, కర్ర మీద టోపీ ఉన్నచోట మాత్రం లోహం గుంటలు పడి నల్లబడింది. మా ఊళ్ళో నాణేలు సేకరించే ఒకాయన చూసి, "ఈ డబ్బుకి 1850ల నాటి నిగనిగలాడే సెంటు వచ్చేది కదండీ, పాడైనదాని మీద ఎందుకు పోశారు?" అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. మొదటితరం రాగి నాణేలను లోపాలతో సహా కొనొచ్చా, కొనకూడదా? గ్రేడింగ్‌కి, అంటే నాణెం స్థితి చూసి అంకె ఇచ్చే సంస్థకి, పంపమంటారా?

చిల్లరడబ్బా:
కొనకూడదనే నా మాట. వెండిలా కాదు రాగి, తేమ తగిలితే ఊరుకోదు. ఆ గుంటల్లో ఆకుపచ్చ చిలుము గానీ ఉంటే పక్కకి పాకుతుంది. గ్రేడింగ్‌కి పంపితే అంకె ఇవ్వరు, పాడైందని తెలిసేలా "డీటెయిల్స్" అని రాసి వదిలేస్తారు. రేపు అమ్మబోతే కొనేవాళ్ళు ముందు ఆ మాటే చూస్తారు. ఏడాదికి ఒక్కటే కొనండి, అది మచ్చలేనిది కొనండి.

భూతద్దం:
చిల్లరడబ్బా గారూ, 1850ల సెంటుకైతే మీ సలహా నూటికి నూరుపాళ్ళు సరి. 1790ల సెంటుకి అదే కొలత పెడితే ఎలా? ఆ నాణెం ఎలా పుట్టిందో చూడండి.

టంకశాల పెట్టాలన్న చట్టం 1792 ఏప్రిల్‌లో వచ్చింది. 1793 మార్చి కల్లా ఫిలడెల్ఫియాలో గొలుసు సెంట్లు కొట్టేశారు. మొత్తం 36,103. వెనక వైపు 15 కడియాల గొలుసు వేస్తే, స్వేచ్ఛ పేరు పెట్టి సంకెళ్ళేమిటని పత్రికల్లో విమర్శలొచ్చాయి. ఆ ఏడాదే గొలుసు తీసేసి ఆకుల దండ పెట్టారు. ఇంత హడావిడిలో రాగి ఎక్కడిది? దొరికిన చోటల్లా కొన్నారు. పాత వంటపాత్రలు, తుక్కు రాగి కూడా కరిగించారు. న్యూయార్క్ వ్యాపారులు చిల్లరలా వాడటానికి వేసుకున్న రాగి టోకెన్లను కొని, కత్తిరించి, వాటి మీదే అర సెంట్లు ముద్రించారు. అలాంటి అర సెంటు ఒకటి నా చేతికొచ్చింది. ఏటవాలు వెలుతురులో పెడితే స్వేచ్ఛాదేవి కింద నుంచి పాత టోకెన్ గీతలు తేలతాయి. దాన్ని లోపం అనడానికి నాకు నోరు రాదు.

అచ్చులూ అంతే. ఉక్కు పగిలినా పక్కన పెట్టేవాళ్ళు కాదు, పూర్తిగా చెడేదాకా కొట్టేవాళ్ళు. 1801లో ఒక అచ్చు మీద ఏకంగా మూడు తప్పులున్నాయి. నూరో వంతు అని ఉండాల్సిన భిన్నంలో కింద వంద బదులు మూడు సున్నాలు, 'యునైటెడ్'లో మొదటి అక్షరం రెండు 'ఐ'ల్లా విడిపోయింది, దండకి ఎడమ కాడ లేదు. ఆ సెంటు కోసమే వెతికేవాళ్ళున్నారు.

ఇంకో సంగతి. 1 నుంచి 70 దాకా ఇప్పుడు వాడుతున్న గ్రేడింగ్ అంకెలు 1949లో విలియం షెల్డన్ అనే సేకర్త పెద్ద సెంట్ల కోసం, అందులోనూ 1794 సెంట్లకి పలికే ధరలను చూసుకుని తయారుచేసినవే. రాగి సేకర్తలు ఇప్పటికీ ముందు బొమ్మ ఎంత మిగిలిందో చూసి, తర్వాత గుంటలకీ గీతలకీ అంకె తగ్గిస్తారు. లెక్కలోకే రాదని తీసిపారేయరు. రాగిరేకు గారి నాణేన్ని కూడా అలాగే చూడాలి.

చిల్లరడబ్బా:
టంకశాలలో వచ్చిన లోపాన్ని నేనూ ఇష్టపడతాను. కానీ టోపీ దగ్గర గుంటలు టంకశాల చేసినవి కావు కదా, మట్టిలో పడి తిన్నవి. రెంటినీ ఒకే గాటన కట్టి, "చరిత్ర" అని పేరు పెట్టి ఎక్కువ ధరకి అంటగట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా భయం అదే.

భూతద్దం:
ఆ భయం సబబే. తిన్న రాగికి తిన్న ధరే ఇవ్వాలి. 310 కాస్త ఎక్కువే ఇచ్చారేమో అనిపిస్తోంది, ముఖం అంత బాగుంటే తప్ప.

ఇత్తడిబిందె:
ఒక్క మనవి. దయచేసి తోమకండి! అమెరికా వచ్చిన కొత్తలో 1817 సెంటు కొని, ఇంట్లో రాగి చెంబు తోమినట్టే చింతపండు పట్టించాను. రెండు నిమిషాల్లో ఆ గోధుమ రంగంతా పోయి గులాబీ రంగు బయటపడింది. రెండొందల ఏళ్ళు పట్టిన రంగు అది. పదేళ్ళయినా ఇప్పటికీ అదోలా, బతుకులేనట్టు ఉంటుంది. గుంటలున్న నాణేన్ని చూస్తే నాకు బాధ లేదు గానీ, నేను తోమిన ఆ సెంటును చూస్తే ఉంటుంది. చిలుము అనుమానం ఉంటే అసిటోన్‌లో ముంచి, ఆరబెట్టి, తేమ లేనిచోట ఉంచండి. రుద్దొద్దు.

కాకినాడవాసి:
నేను అమెరికా నాణేలు సేకరించను. మా తాతగారి పెట్టెలో ఈస్టిండియా కంపెనీ రాగి నాణెం ఒకటి ఉంది. అదీ 1794దే. రూపాయికి 48 అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. మన ఉత్తర సర్కారుల కోసం ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బోల్టన్ అనే పారిశ్రామికవేత్త ఆవిరి యంత్రాల మీద కొట్టి పంపినవి ఇవి. అంచు గుండ్రంగా, అక్షరాలు సమంగా ఉంటాయి. అదే ఏడు ఫిలడెల్ఫియాలో మనుషులు మర తిప్పి కొట్టారు. వాళ్ళకి ఆవిరి ప్రెస్సు 1836లో గానీ రాలేదు. తర్వాత్తర్వాత వాళ్ళూ బోల్టన్ దగ్గరే రాగి బిళ్ళలు తెప్పించుకున్నారు. రెండూ పక్కపక్కన పెడితే నాకు ఆ వంకరటింకర సెంటే ముద్దొస్తుంది.

భూతద్దం:
రాగిరేకు గారూ, గ్రేడింగ్‌కి మాత్రం పంపకండి. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే అంచు సరిగా కనబడదు. 1794 సెంటుకి అంచు మీద 'వన్ హండ్రెడ్ ఫర్ ఎ డాలర్' అని చెక్కి ఉంటుంది. 1795 చివర్లో రాగి ప్రియమై బరువు 13.48 గ్రాముల నుంచి 10.89కి తగ్గించారు. నాణెం పల్చబడి ఆ అక్షరాలకి చోటు లేకుండా పోయింది. మీ దాని అంచు చూశారా?

రాగిరేకు:
ఇప్పుడే టేబుల్ లైటు కింద పెట్టి తిప్పి చూశాను. 'హండ్రెడ్' పూర్తిగా చదవగలిగాను. 'డాలర్' సగం అరిగింది, దాని తర్వాత చిన్న ఆకు ఉంది. గుంటలు అంచు దాకా రాలేదు. చిలుము కూడా కనబడలేదు, నలుపు మాత్రమే. చిల్లరడబ్బా గారూ, ధర సంగతి మీరన్నది నిజమే, ఈసారి బేరం ఆడతాను. దీన్ని మాత్రం అమ్మను.