ఆరు నెలల కాంట్రాక్టుకు నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూ అవసరమా?

పెన్నా గట్టు:
డేటాబేస్, రిపోర్టుల పనిలో పదకొండేళ్లుగా ఉన్నా. మూడేళ్ల కింద పర్మనెంటు ఉద్యోగం వదిలేసి నెల్లూరు వచ్చేశా. మాగుంట లేఅవుట్‌లో మా మేడ మీద గదిలోంచే కాంట్రాక్టులు చేసుకుంటున్నా. పోయిన నెల ఒక ఆరు నెలల పని వచ్చింది. పాత రిపోర్టులు నత్తనడక నడుస్తున్నాయి, వాటిని దారికి తేవాలి, అంతే. దానికి ముందు వెండర్ (మమ్మల్ని కంపెనీలకి పంపే మధ్యవర్తి సంస్థ) రౌండ్, తర్వాత తొంభై నిమిషాల ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు, ఆపైన క్లయింట్ టెక్నికల్ రౌండ్, చివర మేనేజర్ రౌండ్. కోడింగ్ టెస్టులో బైనరీ ట్రీని (డేటాని కొమ్మలు కొమ్మలుగా అమర్చే పద్ధతి) తిరగేయమన్నారు. కాలేజీ వదిలాక దాని మొహం చూడటం మళ్లీ అప్పుడే. నాలుగు రౌండ్లలో ఒక్కరూ డేటాని త్వరగా వెతికిపెట్టే ఇండెక్సుల గురించి గానీ, అడిగినదాన్ని డేటాబేస్ ఏ దారిలో వెతుకుతుందో చూపే ఎగ్జిక్యూషన్ ప్లాన్ చదవడం వచ్చా అని గానీ అడగలేదు. అన్నీ అయ్యాక 'బడ్జెట్ హోల్డులో ఉంది' అని ఒక మెసేజ్ వచ్చింది.

పర్మనెంటు వాళ్లకి చాలా చోట్ల నోటీసు 90 రోజులు. పొరపాటున తీసుకుంటే వదిలించుకోవడం కష్టం కాబట్టి జల్లెడ పట్టండి, తప్పులేదు. నా కాగితంలో రాసేది 15 రోజులు. పని నచ్చకపోతే పొమ్మనొచ్చు. మరి నాకూ అదే జల్లెడ ఎందుకు?

ఒంగోలు గిత్త:
అన్నా, నేను అవతలి కుర్చీలో ఉంటా. కాంట్రాక్టర్లకి ఇంటర్వ్యూలు చేసేది నేనే. 15 రోజులని తేలిగ్గా అనేశారు. మా దగ్గర వచ్చినవాడికి కేటీ ఇవ్వడానికే, అంటే పని వివరించి అప్పగించడానికే మూడు వారాలు పడుతుంది. ఆ మూడు వారాలూ మా వాళ్లు ఇద్దరు సొంత పని పక్కన పెట్టాలి.

ఇంకో సంగతి. రెండేళ్ల కింద ఒకతన్ని వీడియోలో ఇంటర్వ్యూ చేశాం. ప్రశ్న అడగ్గానే రెండు క్షణాలు ఆగేవాడు, తర్వాత గడగడా చెప్పేవాడు. మాటకీ పెదాలకీ పొంతన లేదేంటంటే నెట్ స్లో అన్నాడు. నమ్మాం. చేరిన రోజు కాల్‌లోకి వచ్చినవాడి గొంతే వేరు! ఇంటర్వ్యూలో ఇండెక్సుల మీద అరగంట ఉపన్యాసం ఇచ్చిన మనిషి, స్క్రీన్ షేర్ చేసి గ్రూప్ బై (వరసల్ని గుంపులు చేసి లెక్కకట్టే మామూలు కమాండు) రాయమంటే పావుగంట తడుముకున్నాడు. పదకొండో రోజు పంపించేశాం. వెండరేమో 'రీప్లేస్‌మెంట్ ఇస్తాం సార్' అన్నాడు, చెప్పుల షాపులో సైజు మార్చి ఇచ్చినట్టు. కంప్యూటర్ అడ్డం పెట్టుకుని వేరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ చట్టం 66డీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. కానీ పదకొండు రోజుల గొడవకి స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు? అందుకే రౌండ్లు పెంచాం.

పెన్నా గట్టు:
ప్రాక్సీ, అంటే వేరొకరి బదులు జవాబులు చెప్పేవాడికి ఇంటర్వ్యూలే వృత్తి. రోజుకి నాలుగు చేస్తాడు. మీరు ఎన్ని రౌండ్లు పెడితే అంత బాగా పాసవుతాడు, నాకంటే బాగా. రాలిపోయేది పగలంతా పని చేసుకుని రాత్రి కూర్చుని చదువుకోవాల్సిన మాలాంటి వాళ్లం. వచ్చింది ఆ మనిషేనా కాదా తేల్చడానికి గుర్తింపు కార్డు చూసి, ఇంటర్వ్యూలో తీసిన ఫోటోని చేరిన రోజు పక్కన పెట్టి చూస్తే చాలు. ఐదు నిమిషాల పని. దానికి బైనరీ ట్రీ దేనికి?

మ్యాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకునే హోమ్‌బ్రూ అనే టూల్ రాసిన మాక్స్ హోవెల్‌ని గూగుల్ తీసుకోలేదని 2015లో ఆయనే ట్విటర్‌లో పెట్టాడు. తమ ఇంజనీర్లలో అత్యధికులు ఆయన సాఫ్ట్‌వేరే వాడతారట, అయినా బోర్డు మీద ట్రీ తిరగేయలేకపోయాడని వద్దన్నారట. ఆయనకే దిక్కులేదు.

రొయ్యల చెరువు:
నేను ఐటీలో ఏడేళ్లు చేసి ఇప్పుడు కావలి పక్క వనామి రొయ్యలు వేస్తున్నా, కాబట్టి ఎవరి పక్షమూ కాదు. సీడ్ (రొయ్య పిల్లలు) కొనే ముందు మేమూ పరీక్ష చేయిస్తాం. శాంపిల్ ల్యాబ్‌కి ఇస్తే తెల్లమచ్చ వైరస్ ఉందా, రొయ్యని ఎదగనివ్వని ఈహెచ్‌పీ ఉందా అని పీసీఆర్‌లో చూస్తారు. ఇంకోటి, ఉప్పు బాగా తగ్గించిన నీళ్లలో కొన్ని పిల్లల్ని వదిలి కాసేపటికి ఎన్ని బతికాయో లెక్కపెడతారు. చెరువులోకి వదిలాక చేసేదేం ఉండదు కదా. అందుకని గిత్త గారి భయం నాకు అర్థమవుతుంది. కాకపోతే మేం చూసేది చెరువులో పిల్లని చంపే, ఎదగనివ్వని రోగాల్ని. హేచరీ ఓనరుని పిలిచి రొయ్యకి కాళ్లెన్ని అని అడగం.

ఒంగోలు గిత్త:
కాళ్ల ప్రశ్న మా మేనేజర్ అడిగినా అడుగుతాడు లెండి. మాట ఒప్పుకుంటున్నా. ష్మిట్, హంటర్ అనే పరిశోధకులు 1998లో చేసిన సమీక్షలో కూడా మనిషి పనితీరుని ముందే పసిగట్టడంలో అన్నిటికంటే పైన ఉన్నది అసలు పనిలోంచి ఒక ముక్క ఇచ్చి చేయించడమే, 0.54 (ఒకటికి ఎంత దగ్గరైతే అంచనా అంత సరి). అంటే ఇంటికి ఒక టాస్కు ఇచ్చి చేసుకురమ్మనడమే మేలేమో.

కందుకూరు కోడలు:
ఆ టాస్కు సంగతి నన్నడగండి. పిల్లల కోసం నాలుగేళ్లు ఆగి మళ్లీ కాంట్రాక్టుల్లోకి వచ్చా. 'మూడు గంటల పని' అని శుక్రవారం సాయంత్రం పంపించారు. డేటా శుభ్రం చేయడం, రిపోర్టు, దానికి టెస్టులు, పైన ఒక డాక్యుమెంటు. పిల్లలు నిద్రపోయాక కూర్చుంటే ఆదివారం రాత్రి రెండింటికి అయింది. సోమవారం నుంచి ఫోను ఎత్తలేదు. రూపాయి కూడా ఇవ్వలేదు. అంతకంటే గంట సేపు ఎదురుగా కూర్చోబెట్టి అడగండి, అది నయం. పెళ్లికాని కుర్రాడికి శనివారం ఖాళీగా ఉంటుంది, నాకు ఉండదు.

అన్నట్టు మీరు చెప్పిన 1998 లెక్క పాతబడింది గిత్త గారూ. 2022లో సాకెట్ అనే పరిశోధకుడి బృందం ఆ లెక్కలు మళ్లీ వేసింది. పని నమూనా 0.33కి దిగింది. అందరికీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ 0.42తో పైకొచ్చింది. నాలుగు రౌండ్లలో నలుగురు తోచిందల్లా అడగడం దానికిందికి రాదు.

ఒంగోలు గిత్త:
సరేనమ్మా, ఓడిపోయాను. కానీ ఒకటి చెప్పుకోనివ్వండి. ఈ మధ్య నేను మార్చాను. ఒక్కటే రౌండు, గంట, అందరికీ అవే మూడు ప్రశ్నలు. మొదటిది మాకు నిజంగా తగిలిన తప్పే. కస్టమర్ల టేబుల్‌ని ఆర్డర్ల టేబుల్‌తో లెఫ్ట్ జాయిన్ చేశారు, అంటే ఆర్డరు ఉన్నా లేకున్నా కస్టమర్లందరినీ ఉంచి కలిపారు. ఆర్డరు లేనివాళ్లూ లిస్టులో కనపడాలి. వరసల్ని వడకట్టే వేర్ భాగంలో 'ఆర్డర్ తేదీ ఈ నెల' అని షరతు ఉంది. ఆర్డరు లేనివాళ్లు మాయమయ్యారు. ఎందుకు?

పెన్నా గట్టు:
ఆర్డరు లేనివాళ్ల వరసలో తేదీ నల్‌గా, అంటే ఖాళీగా ఉంటుంది. వేర్ దగ్గరికి రాగానే ఆ వరసలన్నీ రాలిపోతాయి. పేరుకే లెఫ్ట్ జాయిన్, చేసేది రెండు టేబుళ్లలోనూ ఉన్నవాళ్లనే ఉంచే ఇన్నర్ జాయిన్ పని. షరతుని టేబుళ్లు ఎలా కలపాలో చెప్పే ఆన్ భాగంలోకి జరపాలి. దీనికి నాకు పట్టింది అర నిమిషం. నాలుగు రౌండ్లలో ఇలాంటిది ఒక్కటి అడిగి వద్దన్నా నాకు బాధ ఉండేది కాదు.

ఒంగోలు గిత్త:
ప్రాక్సీ కూడా చెబుతాడు ఇది. అందుకే చెప్పాక అదే క్వెరీని వాళ్ల చేతే మార్పించి, మధ్యలో ఇంకో టేబుల్ కలపమంటా. చేతులు కీబోర్డు మీద ఉంటే చెవిలో మాట సాయం రాదు.

పెన్నా గట్టు:
బాగుంది. మరి గంట దాటి అడిగితే డబ్బులిస్తారా? ఒక రోజు ట్రయల్, ఆ రోజు రేటుకి?

ఒంగోలు గిత్త:
నాకైతే ఇష్టమే. ఒక్క రోజుకి పీఓ (పర్చేజ్ ఆర్డర్) తెరవమంటే మా ఫైనాన్స్ వాళ్లు నన్ను చెరువులోకి వదులుతారు.

కందుకూరు కోడలు:
అయితే టాస్కులూ వద్దు. ఖర్చు మీకు బరువైతే మాకూ బరువే.

పెన్నా గట్టు:
ఎల్లుండి పదకొండింటికి ఇంకో కంపెనీతో కాల్ ఉంది, మూడు రౌండ్లట. మొదటి రౌండ్లోనే క్లయింట్ లీడ్‌ని కూర్చోబెట్టి వాళ్ల స్లో రిపోర్టు ఒకటి తెరవమని వెండర్‌కి మెయిల్ పెట్టా. ఇంకా జవాబు రాలేదు. ఇన్వర్టర్‌లో నీళ్లు మాత్రం నింపి పెట్టుకున్నా.