వచ్చే నెల 18 నిండుతాయి, హోమ్ నుంచి బయటికి. ముందు ఏం చూసుకోవాలి?

లంకపిల్లోడు:
తొమ్మిదేళ్లుగా కోనసీమలో ఓ పిల్లల హోమ్‌లో ఉన్నానండి. ఐటీఐ ఎలక్ట్రీషియన్, రెండో ఏడు. "ఇక నీ కాళ్ల మీద నువ్వు నిలబడాలి" అంటున్నారు. నిలబడ్డానికి గది ఎక్కడ దొరుకుద్దో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

కడియం_మొక్క:
తమ్ముడూ, నేను బయటికొచ్చి మూడేళ్లు. కడియపులంక నర్సరీలో అంట్లు కడతాను. గది కోసం ఆరిళ్లు తిరిగితే అందరిదీ ఒకటే మాట, "మీవాళ్లెవరమ్మా?" ఏడో ఇంటి మామ్మగారు మాత్రం "వంటొచ్చా?" అంది. రాదు! హోమ్‌లో గుండిగల్లో వండేవారు, గ్లాసుడు బియ్యానికి నీళ్లెన్నో నాకేం తెలుసు. మొదటి వారమంతా జావే.

పాత_వార్డెన్:
బాబూ, గది తర్వాత, ముందు కాగితాలు. 2015 బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్‌లో ఆఫ్టర్‌కేర్, అంటే హోమ్ వదిలాక ఇచ్చే సాయం, ఉంది. 21 ఏళ్ల దాకా, తప్పనిసరైతే 23 దాకా. కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు. అడక్కుండా రాదు. పుట్టినరోజు దాటకముందే జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌కి అర్జీ ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకో. మైనర్ ఖాతా ఉంటే బ్యాంకుకెళ్లి మేజర్ ఖాతాగా మార్పించు, కొత్త సంతకంతో. హోమ్‌లో ఉన్న ఆధార్, మార్కుల జాబితాలు ఒరిజినల్సే పట్టుకెళ్లు.

కడియం_మొక్క:
వార్డెన్ గారూ, కాగితం మీద అంతేనండి. నాకు మధ్యలో ఐదు నెలలు పడలేదు. ఆ డబ్బు నమ్ముకుని అద్దె ఒప్పుకోకు తమ్ముడూ.

పీచుబస్తా:
నేను హోమ్ కాదు, పెంపుడింట్లో పెరిగా. 18 దాటగానే నన్ను పెంచినందుకు ఇంటికొచ్చే సర్కారు సాయం ఆగింది. అమ్మ ఏమీ అనలేదు. నాకే బరువనిపించి రావులపాలెం వచ్చేసి అరటి గెలలెత్తే పనిలో చేరా. సంక్రాంతికి గదుల వాళ్లంతా ఊళ్లకెళ్లారు, మెస్సుకి తాళం. భోగి నాడు బన్ను తిని పడుకున్నా. సాయంత్రం ఫోను: "అరిసెలు గట్టిపడిపోతన్నాయిరా, బస్సెక్కవేం?" ఆయ్, ఎక్కేశాను.

లంకపిల్లోడు:
నాకు అలా ఫోన్ చేసేవాళ్లు లేరన్నా.

పీచుబస్తా:
ఈ భోగికి మా ఊరొచ్చెయ్. వివరాలు మెసేజ్‌లో పెడతా. మా అమ్మకి చెప్పేశా కూడా.

లంకపిల్లోడు:
వస్తానన్నా. అర్జీ రేపే ఇస్తాను. అక్కా, ఇంతకీ నీళ్లెన్ని?

కడియం_మొక్క:
గ్లాసుకి రెండు. కొత్త బియ్యమైతే కాస్త తగ్గించు.