హార్టన్ ప్లెయిన్స్: చుట్టుదారి ఎటునుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఫిబ్రవరిలో శ్రీలంక వెళ్తున్నాం, నువారా ఎలియాలో బస. హార్టన్ ప్లెయిన్స్ నేషనల్ పార్కులో వరల్డ్స్ ఎండ్ అనే కొండ అంచు, బేకర్స్ జలపాతం రెండూ ఒకే పూటలో నడిచి చూడొచ్చా? అమ్మకు అరవై ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి. ఓహియా దాకా రైల్లో వెళ్తే నయమా?

జవాబు 1: ఒక పూట చాలండి. చుట్టుదారి మొత్తం 9 కిలోమీటర్ల పైచిలుకు, ఆగుతూ నడిస్తే నాలుగు గంటలు. గేటు ఉదయం 6కి తెరుస్తారు, ఆ వేళకే అక్కడుండాలి. నడక మొదలయ్యే చోటున్న సందర్శకుల కేంద్రం ఫార్ ఇన్ దాటాక, దారి చీలే చోట ముందు చిన్న వరల్డ్స్ ఎండ్ (అసలు అంచుకు ముందొచ్చే చిన్న అంచు) వైపే తిరగండి. ఎండెక్కేకొద్దీ కింది లోయలోని తేమగాలి పైకి లేచి, 2,100 మీటర్ల ఎత్తున చల్లబడి పొగమంచుగా కమ్ముకుంటుంది. తొమ్మిది, పది దాటితే దాదాపు 870 మీటర్ల లోతున్న ఆ లోయ స్థానంలో తెల్లటి గోడే మిగులుతుంది. జలపాతానికి మంచుతో పేచీ లేదు, తిరుగుదారిలో చూసుకోవచ్చు.

రైలు మాత్రం వద్దు. ఓహియా స్టేషన్ నుంచి ఇంకా 11 కిలోమీటర్ల దాకా ఎక్కుడే, మీరు చేరేసరికి మంచు పట్టేస్తుంది.

జవాబు 2: అమ్మగారికి గడ్డిమైదానం ఇబ్బంది పెట్టదు. కష్టమంతా అడవి ముక్కలోనే: వేళ్లు, రాళ్లు, వాననీళ్లు కోసేసిన ఎర్రమట్టి గాడులు. జలపాతం దగ్గర దిగుడు మరీ నిటారు, మోకాళ్లకు అదే అసలు పరీక్ష. ఆవిడను పైనే కూర్చోబెట్టండి. అరిగిన బూట్లు తడి వేళ్ల మీద జారతాయి. అడుగున లోతైన గాట్లున్న బూట్లు, ఒక చేతికర్ర తప్పనిసరి.

జవాబు 3: తిండి స్టీలు డబ్బాల్లో, అరటాకులోనో కాగితంలోనో సర్దుకోండి. గేటు దగ్గర సంచులు వెతికి పాలిథిన్ తీసేస్తారు, సీసాల మీది లేబుళ్లు కూడా. ఉప్పు వాసనకు కణుజులు (సాంబార్ జింకలు) ఆ కవర్లను మింగేస్తాయి మరి. మనిషికి లీటరున్నర నీళ్లు చాలు. ఫిబ్రవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుని ఉండొచ్చు, కాబట్టి పొరలు పొరలుగా వేసుకుంటే ఎండొచ్చాక ఒక్కొక్కటే తీసేయొచ్చు.

అడవిలో ఒక్క నిమిషం కదలకుండా నిలబడండి. గొడుగుల్లాంటి పొట్టి కీనా చెట్లు, కొమ్మలకు గడ్డాల్లా వేలాడే లైకెన్లు. వాన లేకున్నా టప్ టప్‌మని చుక్కలు పడుతుంటాయి. మంచులోంచి ఆకులూ నాచూ పట్టుకున్న నీళ్లే అవి. మహావెలి, కెలణి, వలవె నదులకు నీరందించే వాగులు ఈ మైదానాల్లోనే పుడతాయి. అందుకే ఫొటో కోసమైనా బాట దిగి నాచు తొక్కకండి, దయచేసి.